ఏ శిలువ మీదా లేని పేరు

మా వదిన ఒటీలియాకు మాటలు సరిగ్గా రాకముందే తన పేరున్న సమాధికి మొక్కడం వచ్చింది. అందులో ఉన్నది ఆమె అక్క. ఆ అక్క పేరూ ఒటీలియానే. ఆ పిల్ల పోయిన మరుసటేడు మా వదిన పుడితే, పోయినదాని పేరు తెచ్చి దీనికి పెట్టారు. ఏటా ఆత్మల పండుగకు వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని సమాధుల తోటకు తీసుకెళ్ళేది. ఇనుప శిలువ మీది అక్షరాలు వేలితో చూపించి, "మొక్కు తల్లీ, నీ పేరే" అనేది. ఈమె మొక్కేది. ఆ రాత్రి పక్క తడిపేది. పెళ్ళయి మా ఇంటికొచ్చిన కొత్తలో ఈ సంగతి నాకు నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

మా వాళ్ళకు పేర్ల కరువేమీ లేదు. ప్రతి ఇంట్లో వంటగది గోడకు క్యాలెండరు వేలాడుతుంది, అందులో రోజుకొక పునీతుడి పేరుంటుంది. అయినా సరే, బిడ్డ పోతే తర్వాత పుట్టిన బిడ్డకు ఆ పేరే పెట్టాలి. పేరు నేల పడకూడదు అంటారు. మా ముత్తవ్వ అపొలోనియా కాలంలో రైన్ నది పక్కన తిండి లేకపోతే, రష్యా చక్రవర్తి భూములిస్తానన్నాడని ఎద్దుల బండ్ల వెంట నల్ల సముద్రం దాకా నడిచారట. ముత్తవ్వ దారిలో కన్న పిల్లను దారిలోనే పాతిపెట్టి, చేరాక పుట్టిన పిల్లకు ఆ పేరే పెట్టిందట. ఆమెను నేనేమీ అనను. పాతిపెట్టిన చోటుకు మళ్ళీ పోలేని మనిషి పేరు తప్ప ఇంకేం మోసుకెళ్తుంది? తర్వాతి చక్రవర్తి మా మగపిల్లలను సైన్యంలోకి లాక్కుంటానంటే మావాళ్ళు మళ్ళీ మూటలు కట్టి, ఓడెక్కి, ఈ డకోటాకొచ్చి పడ్డారు. చూపు ఆనినంత దూరం గడ్డే. పొయ్యిలోకి పుల్ల దొరకదు. నల్ల సముద్రం దగ్గర చేసినట్టే పేడా గడ్డీ కలిపి తొక్కి, పిడకలు చేసుకుని చలికాలాలు గడిపారు. ఆ పిడకల విద్యతో పాటు ఈ పేర్ల పద్ధతినీ మోసుకొచ్చారు. పిడకలు వేడన్నా ఇచ్చాయి.

మా అమ్మకు ముత్తవ్వ పేరే పెట్టారు, అపొలోనియా అని. అమ్మ నోటికి మా ఊళ్ళో పాదిరి కూడా జంకేవాడు. మా అన్న రోకుస్ దానికి పూర్తిగా తిరగేసిన మనిషి. జేబునిండా పొద్దుతిరుగుడు గింజలు పోసుకుని, కొరికి పొట్టు ఉమ్ముతూ, ఎవరేమన్నా తల ఊపేవాడు. అమ్మ చెప్పినదానికీ ఊపేవాడు, పెళ్ళాం చెప్పినదానికీ ఊపేవాడు. రెండూ ఎదురెదురైతే బయటికి పోయి గుర్రాలకు గడ్డేసేవాడు. నన్ను పక్క పొలం వాళ్ళకే ఇచ్చారు కాబట్టి పుట్టింట్లో జరిగేదంతా నా కళ్ళముందే జరిగింది.

వదినకు మొదటి కాన్పులో ఆడపిల్ల. నాయనమ్మ పేరు పెట్టడం మా ఆనవాయితీ కాబట్టి అపొలోనియా అనే పెట్టారు, ముద్దుగా లోనీ. దానికి వదిన ఏమీ అనలేదు. "బతికున్న మనిషి పేరే కదా వ్రోనీ, దాంతో నాకు పేచీ లేదు" అంది నాతో. లోనీ చెవులు పెద్దవి, గొంతు ఇంకా పెద్దది, కోళ్ళ వెనకాల పరిగెత్తి ఊరంతా వినబడేలా తిట్టేది. నాలుగేళ్ళు నిండీ నిండగానే కంఠసర్పి వచ్చి ఆ గొంతే మూసుకుపోయి చచ్చిపోయింది. కమ్మరి వాలెంటిన్ మామ శిలువ చేసి ఇచ్చాడు. చుట్టూ సూర్యకిరణాల్లాగా ఇనుప కమ్మీలు, మధ్యలో ఇనుప రేకు, దాని మీద అపొలోనియా అని ఉబ్బెత్తు అక్షరాలు.

ఆ తర్వాత వదినకు మళ్ళీ నెల తప్పింది. ఒకరోజు మధ్యాహ్నం నేను బండి తోలుకుని గుడి పక్కగా వస్తుంటే, సమాధుల తోటలో వరస వెంట వరస నడుస్తూ ఒక్కొక్క శిలువ దగ్గరా ఆగుతూ కనబడింది. పొట్ట అప్పటికే బాగా ముందుకొచ్చింది. మనిషిని పడగొట్టేలా గాలి కొడుతోంది, ఈమెకు పట్టలేదు.

"ఏం వెతుకుతున్నావు వదినా?" అన్నాను బండి దిగి.

"పేరు వెతుకుతున్నా. ఇక్కడ ఏ శిలువ మీదా లేని పేరు."

"దొరికిందా?"

"క్యాలెండరులో నాకు నచ్చినవి గుర్తుపెట్టుకుని వచ్చా. అన్నీ ఉన్నాయే ఇక్కడ. ఒక్కటి లేదు. సెరాఫీనా."

"మగపిల్లాడైతేనో?"

"అయితే మీ ఇష్టం, ఏ పేరైనా తగిలించుకోండి. ఆడపిల్లయితే మాత్రం నాది. నా బతుకంతా ఇంకొకరు విడిచిన గౌను తొడుక్కున్నట్టే ఉంది వ్రోనీ. నా బిడ్డకు కొత్తది కావాలి. ఒక్క పేరు. నేనేమన్నా పొలం రాసిమ్మంటున్నానా?"

మా అన్నను అడిగితే తల ఊపాడట. నేను వదినతో ఏమీ అనలేదు కానీ, మా అన్న తల ఊపడం మీద ఇల్లు కట్టకూడదని నాకు తెలుసు.

కాన్పు జనవరిలో, నెల ముందే వచ్చింది. బయట మంచు తుఫాను, కొట్టానికి పోవాలన్నా గుమ్మం నుంచి తాడు కట్టుకుని పోవాల్సిందే. పాదిరి పక్క ఊళ్ళో చిక్కుకుపోయాడు. తుఫానుకు ముందు రోజే నేనక్కడికి వెళ్ళి ఉండిపోవడంతో పొయ్యి నేను చూశాను, పిల్లను అమ్మ పట్టుకుంది. పట్టపగలే దీపం పెట్టుకోవాల్సినంత చీకటి. పిల్ల నీలంగా, ఊపిరి లేకుండా, తడిగుడ్డలా జారింది. అమ్మ వీపు మీద చరిచింది, కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఊపింది. చలనం లేదు.

జ్ఞానస్నానం లేకుండా పోయిన బిడ్డను మావాళ్ళు తోట కంచె లోపల పాతిపెట్టనివ్వరు. పాదిరి అందకపోతే అలాంటి వేళ ఎవరైనా ఇవ్వొచ్చు. తల మీద నీళ్ళు పోసి, పేరు పెట్టి, మూడు మాటలంటే చాలు. అమ్మ చెంబు అందుకుంది.

వదిన మంచం మీద నుంచి చెయ్యి చాపింది. గొంతు పోయింది, అయినా అంది. "సెరాఫీనా, అత్తయ్యా. సెరాఫీనా."

మా అమ్మ చెవుల సంగతి నాకు తెలుసు. కోడి పక్కవాళ్ళ గడ్డివాములో గుడ్డు పెడితే ఇక్కడి నుంచి వినేది. ఆ మాట వినకపోవడం అబద్ధం. "అపొలోనియా, పిత పుత్ర పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానమిస్తున్నాను" అంటూ నీళ్ళు పోసింది. ఆ చన్నీళ్ళు తగలగానే పిల్ల ఒళ్ళు ముడుచుకుని, కెవ్వుమని ఏడ్చింది.

"చూశారా, తన పేరు వినగానే తిరిగొచ్చింది" అంది అమ్మ, కళ్ళమ్మట నీళ్ళతో. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. అందుకే అమ్మను పూర్తిగా తిట్టలేను, ఇప్పటికీ. వదిన గోడవైపు తిరిగి పడుకుంది.

దారులు తెరుచుకున్నాక పాదిరి వచ్చాడు, మిగతా తంతు పూర్తి చేయడానికి. వదిన ఇంకా నిలబడలేని మనిషి, గోడ పట్టుకుని లేచొచ్చి ఆయన ముందు నిలబడింది.

"ఫాదర్, ఆ స్నానం చెల్లదు. నీళ్ళు పిల్ల మీద పడలేదు, దుప్పటి మీద పడ్డాయి. మళ్ళీ మీరివ్వాలి."

మా వదిన జన్మలో ఆడిన అబద్ధం బహుశా అదొక్కటే. అది కూడా సరిగా ఆడలేకపోయింది, ముఖం ఎర్రబడిపోయింది. పాదిరి మా అమ్మవైపు తిరిగాడు.

"అపొలోనియమ్మా, శిలువ మీద చెయ్యి పెట్టి చెప్పు. నీళ్ళు నుదుటి మీద పడ్డాయా, దుప్పటి మీద పడ్డాయా?"

"నుదుటి మీదే ఫాదర్. కారి చెవిలోకి కూడా పోయాయి. నాకేం మొదటిసారా?"

"రోకుస్, నువ్వేమంటావు?"

మా అన్న నీళ్ళు నమిలాడు. పెళ్ళాన్ని చూశాడు, తల్లిని చూశాడు. జేబులోంచి గింజలు తీసి మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. "నేను కొట్టంలో ఉన్నాను ఫాదర్" అన్నాడు.

"అయితే పడ్డాయి. ఒకసారి పడ్డాక రెండోసారి లేదమ్మా. పిల్ల అపొలోనియానే. బతికింది, అది చూసి సంతోషించు" అన్నాడు పాదిరి.  ఆ రోజు నుంచి వదిన కూతుర్ని ఆ పేరుతో పిలవలేదు. "ఇదిగో", "ఇలా రా", "పిల్లా", ఇంతే.

మిగతా ఇల్లంతా లోనీ అనే పిలిచింది. మా అమ్మ పెట్టె తెరిచి పోయినదాని గౌన్లు తీసింది, బూట్లు తీసింది, ఇనుప పూసల దండ తీసింది. అన్నీ దీనికే. "ఆ లోనీ మీగడ రొట్టె వదిలేది కాదు, నువ్వేంటే ఇలా కెలుకుతావు?" "ఆ లోనీకి కోళ్ళంటే భయం ఉండేది కాదు." నాలుగేళ్ళు దాటితే పోల్చడానికి ఇంకేం మిగలదులే అనుకున్నాం. తప్పు మాది. "అదే ఉంటే ఈపాటికి పాలు పితికేది" అని మొదలుపెట్టింది. చచ్చిపోయిన పిల్ల మా అమ్మ నోట్లో ఏటేటా పెరిగింది, అన్ని పనులూ నేర్చుకుంది, ఒక్కటంటే ఒక్క గిన్నె పగలగొట్టలేదు. బతికున్నది మాత్రం ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టు అడుగులో అడుగేస్తూ తిరిగేది.

తల్లీకూతుళ్ళకు హాయిగా ఉండేది ఒక్క పేడదొడ్డిలోనే. ఎండాకాలం మొదట్లో చలికాలపు పేడంతా పరిచి, నీళ్ళు చల్లి, తొక్కి, ఆరాక పారతో పలకలుగా కోసేవాళ్ళం. ఆ వాసనకు అమ్మ ఆ వైపు వచ్చేది కాదు. మోకాళ్ళ దాకా పేడలో నిలబడి తొక్కుతూ ఒకసారి వదిన పిల్లకు చెప్పేసింది, నీకు నేననుకున్న పేరు వేరే అని. అప్పటి నుంచి అదొక ఆట. పేడదొడ్డి గడప దాటితే అది సెరాఫీనా.

"సెరాఫీనా దొరసానిగారూ, కాస్త ఇటుపక్క కూడా తొక్కుతారా?" అనేది వదిన.

"తొక్కుతాను కానీ మా పట్టుబట్టలు పాడవుతాయి" అనేది పిల్ల, మోకాళ్ళ దాకా పేడతో.

ఇద్దరూ విరగబడి నవ్వేవాళ్ళు. కాళ్ళు కడుక్కోగానే ఆ పేరు అక్కడే ఉండిపోయేది.

ఆ ఏడు ఆత్మల పండుగకు అందరం తోటకు వెళ్ళాం. మా అమ్మ పిల్లను శిలువ ముందు నిలబెట్టి, "మొక్కు, నీ పేరే" అంది. ముప్పై ఏళ్ళ కింద వదినతో వాళ్ళమ్మ అన్న మాటే, అక్షరం పొల్లుపోకుండా. వదిన ముఖంలో నెత్తురు చుక్క లేదు. పిల్ల బుద్ధిగా మొక్కింది. తిరిగి వస్తుంటే బండిలో తల్లి గౌను అంచు పట్టుకుని నింపాదిగా అడిగింది.

"అమ్మా, నేను చచ్చిపోయినప్పుడు నువ్వు చాలా ఏడ్చావా?"

మా అన్న గుర్రాలను అదిలించాడు. మా అమ్మ ముసుగు ముఖం మీదికి లాక్కుంది.

మర్నాడు వదిన నన్ను వెంటబెట్టుకుని వాలెంటిన్ మామ కొలిమికి పోయింది. మామ చెవిటితనం మొదలైన ముసలివాడు, మంచివాడు.

"మామా, మా పిల్ల శిలువ మీద పేరు తీసేయాలి."

"తుప్పు పట్టిందా? రంగేస్తాలే అమ్మా."

"రంగు కాదు. పేరే తీసేయాలి. ఆ పేరు ఇంట్లో బతికున్నదానికి కావాలి."

మామ సుత్తి కింద పెట్టాడు.  "ఇనుముదేముందమ్మా, రాపాడితే పోతుంది. మరి కింద పడుకున్నదాన్ని ఏమని పిలుస్తావు?" అన్నాడు.  ఆయన గోడకున్న ఆకురాయి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "చేసింది నేను. చెరపడం నా చేత కాదు. నీ బిడ్డ, నీ చెయ్యి."

అక్కడి నుంచి నేరుగా తోటకు వెళ్ళాం. వదిన శిలువ ముందు కూర్చుని మొదటి అక్షరానికి ఆకురాయి ఆనించి లాగింది. ఇనుప పొడి రాలింది. ఇంకోసారి లాగింది. ఆ తర్వాత ఆకురాయి పక్కన పడేసి, రాలిన పొడి గడ్డిలోంచి వేళ్ళతో ఏరడం మొదలుపెట్టింది. నేను భుజం పట్టుకున్నాను.

"ఇద్దరు కూతుళ్ళే నాకు వ్రోనీ. ఒక్కటే పేరు. దీనికియ్యాలంటే దాని దగ్గర లాక్కోవాలి. దానికింకేముందే ఇక్కడ, ఆ పేరు తప్ప?" అంది. శిలువను కౌగిలించుకుని, కమ్మీలు బుగ్గకు గుచ్చుకుంటున్నా వదలకుండా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మొదటి అక్షరం మీద ఆ ఆకురాయి గాట్లు ఇప్పటికీ ఉన్నాయి.

పెద్ద జ్వరాల ఏడాది తర్వాత మా అమ్మ పోయింది. మా అన్న తల్లి శిలువను మనవరాలి శిలువ పక్కనే పెట్టించాడు. అపొలోనియా, అపొలోనియా. పాతిపెట్టిన రోజు, అందరూ కాఫీకి మళ్ళుతుంటే, అప్పటికి ఎదిగిన లోనీ ఆ రెండు శిలువల పక్కనున్న ఖాళీ జాగా చూసి, "అత్తా, మూడోది నాదేగా" అంది నాతో. నవ్వుతూనే అంది, వాళ్ళమ్మ నవ్వినట్టు. 

పెళ్ళీడు వచ్చాక సంబంధాలు వచ్చాయి. లోనీ ఒక్కటీ ఒప్పుకోలేదు. ఒకరోజు తల్లితో కలిసి పిండి పిసుకుతూ, తలెత్తకుండా చెప్పింది.

"అమ్మా, నేను మఠంలో చేరతాను. అక్కడ చేరినవాళ్ళకు పాత పేరు తీసేసి కొత్త పేరిస్తారట."

"దేవుడి మీద భక్తితో చేరతారే పిల్లా, పేరు కోసమా?"

"భక్తి లేదని నేనన్నానా? రెండూ ఉన్నాయి. మనకు కావాల్సిన పేరు మనం చెప్పుకోవచ్చట. ఇవ్వడం ఇవ్వకపోవడం మదర్ ఇష్టం."

వదిన చేతుల పిండి దులుపుకోకుండానే కూతురి ముఖం రెండు చేతులతో పట్టుకుంది. మఠం రైల్లో పోయినా రెండు పగళ్ళ దూరం. చేరినవాళ్ళను తల్లి చచ్చిపోయినా ఇంటికి పంపరు. దాని తర్వాత పుట్టినవాళ్ళిద్దరూ కొడుకులే, ఆడపిల్ల అదొక్కతే. మా అన్న మొట్టమొదటిసారి తల అడ్డంగా ఊపాడు. "ఇంట్లో ఒక్కతే ఆడపిల్ల, దాన్నీ పంపేస్తావా? నీకు మతి పోయిందా?" అన్నాడు.

"పోనీ. నా కళ్ళముందు ఇంకొకత్తెలా బతికే కన్నా, ఎక్కడో దూరాన దానిలా అది బతకనీ. నువ్వు ఆ రోజు కొట్టంలో ఉన్నావు కదా. ఇప్పుడూ పోయి అక్కడే ఉండు" అంది వదిన. మా అన్న నిజంగానే కొట్టంలోకి పోయాడు.

పేరిచ్చే రోజుకు వదినా నేనూ రైలెక్కి వెళ్ళాం. తెల్ల ముసుగుల్లో పిల్లలు వరసగా మోకరిల్లారు. మదర్ ఒక్కొక్కరి పాత పేరు చదివి, కొత్త పేరు పిలుస్తోంది. వదిన నా మణికట్టును ఎముక నొప్పి పుట్టేలా పట్టుకుంది. "అపొలోనియా. ఇకపై నువ్వు సిస్టర్ సెరాఫీనా." వదిన గుళ్ళో ఉన్నామని మరిచి పైకే ఏడ్చేసింది. అంత మంది తిరిగి చూశారు. చూస్తే చూశారు. ఇరవై ఏళ్ళు పేడదొడ్డిలో దాక్కున్న పేరు, దేవుడి ఎదుట, గట్టిగా, అందరూ వినేలా. నేను గిల్లి ఊరుకోబెట్టాను కానీ నాకూ కళ్ళు నిండాయి.

తర్వాత కాఫీ, మీగడ రొట్టె పెట్టారు. మా ఎదురుగా ఒక ముసలి సిస్టర్ కూర్చుంది, ముద్దుముద్దుగా మాట్లాడే మనిషి. పిల్ల చెయ్యి నిమురుతూ వదినతో అంది.

"మీ అమ్మాయి అదృష్టవంతురాలమ్మా. మా సెరాఫీనా పోయి ఆరు వారాలన్నా కాలేదు. ఆ పేరు ఎవరికిస్తారా అని ఎదురుచూస్తున్నాం. ఇంతలో మీ పిల్ల నోరు తెరిచి ఆ పేరే అడిగింది. పేరు నేల పడకూడదు కదా."

వదిన చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది.

"గొప్ప మనిషి మా సెరాఫీనా. ఏం గొంతమ్మా అది. రొట్టె కూడా తనే కోసేది అందరికీ, సన్నగా, సమానంగా" అంటూ ఆ సిస్టర్ పిల్ల పళ్ళెంలోకి చూసింది. "నువ్వూ నేర్చుకుంటావులే తల్లీ. ఆమె జపమాల నీకే ఇస్తారు. మంచం కూడా ఆమెదే."

వదిన మెల్లగా లేచి, మఠం వెనక తోట చూపించమని కూతుర్ని అడిగింది. ముగ్గురం వెళ్ళాం. చిన్నచిన్న తెల్ల చెక్క శిలువలు, వరసలు వరసలు. కొత్త మట్టి ఉన్నచోట సెరాఫీనా. దానికి వెనక వరసలో, రంగు పోయినది ఇంకొకటి, అదీ సెరాఫీనానే. వదిన అక్కడే నేల మీద కూలబడింది.

"నేనే చెప్పానే నీకా పేరు. నేనే ఎక్కించాను నీకు" అంది.

పిల్ల కొత్త బట్టలు మట్టవుతాయని చూడకుండా పక్కన మోకరిల్లింది. తల్లి తల తన భుజం మీదికి తీసుకుంది. ఆ ముఖంలో బాధ ఉందేమోనని వెతికాను. అంతకన్నా పాడుది కనబడింది, నెమ్మది.

"ఏం పర్వాలేదమ్మా. నాకలవాటే కదా" అంది.

తిరుగు రైల్లో వదిన కిటికీలోంచి కన్ను తిప్పలేదు. ఇంటి దగ్గర ఎవరడిగినా, "సెరాఫీనా అనే పెట్టారు, బాగుంది" అని చెప్పింది. లోపలి సంగతి నేనూ ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఆమె చాలా ఏళ్ళు బతికింది, మనవళ్ళను ఎత్తింది, పనులన్నీ చేసింది. సమాధుల తోటకు మాత్రం ఆత్మల పండుగకు కూడా వెళ్ళలేదు.

దుమ్ము ఏళ్ళు వచ్చాయి. వాన లేదు, దున్నిన నేలంతా గాలికి లేచి ఇంట్లోకొచ్చి పడేది. పిండిలో దుమ్ము, పాలల్లో దుమ్ము. తడిగుడ్డలు కిటికీలకు కట్టినా ఆగేది కాదు. అదే వదిన ఊపిరితిత్తుల్లో చేరింది. వసంతకాలానికి దగ్గి దగ్గి ఆమెలో మనిషి మిగల్లేదు. నేను నీళ్ళు పట్టిస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

"వ్రోనీ, నా పేరు ఎవరికీ తగిలించనివ్వకు. ఇప్పటికే దాన్ని ఒకసారి పాతారు. ఈసారి నాతోనే పోనీ."

"పోనిస్తాను వదినా."

"మా ఆయన తల ఊపినట్టు కాదు. నిజంగా."

"నిజంగానే" అన్నాను. మఠం నుంచి కూతుర్ని పంపలేదు. మూడో రోజు పోయింది.

ఆ శరదృతువులో వదిన పెద్దకొడుకు కాస్పర్ భార్య రెజీనాకు నెలలు నిండాయి. మా అన్న పొయ్యి పక్కన కూర్చుని, "ఆడపిల్లయితే ఒటీలియా. పేరు నేల పడకూడదు" అన్నాడు. అచ్చం మా అమ్మ గొంతే. జన్మంతా మాట రాని మనిషికి వచ్చి వచ్చి ఆ మాట వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా వాదించలేదు. వాదనలతో మా ఇంట్లో ఏ పేరూ మారలేదు. మర్నాడు బండి కట్టుకుని తోటకు పోయాను. కళ్ళల్లో దుమ్ము పడుతుంటే ముఖానికి గుడ్డ కట్టుకుని, వరస వెంట వరస, ఒక్కొక్క శిలువా చదివాను. వదిన నాడు నడిచిన నాటికీ ఇప్పటికీ తోట మూడింతలైంది. మధ్యాహ్నం దాకా పట్టింది.

పిల్ల పొద్దున పుట్టింది. ఆడపిల్ల. నీలమూ లేదు, ఏమీ లేదు, ఎర్రగా, బలంగా, ఇల్లెగిరిపోయేలా ఏడుస్తోంది. మగాళ్ళు బయట ఉన్నారు. నేను చెంబులో నీళ్ళు ముంచి రెజీనాను అడిగాను.

"నీ బిడ్డ. నువ్వు వద్దంటే చెంబు దించేస్తాను."

రెజీనా తలుపువైపు చూసింది. "అత్తయ్యంటే నాకిష్టమే పెద్దమ్మా. కానీ ఆ పేరు పెడితే దీన్ని పిలిచినప్పుడల్లా ఆవిడ దగ్గే వినబడుతుంది. పోసెయ్" అంది.

పోశాను. నుదుటి మీద, నిండుగా, చెవిలోకి కారేలా. లియోబా అని పిలిచి, పిత పుత్ర పవిత్రాత్మ అన్నాను. గదిలోకొచ్చిన మా అన్న చేతులు చాపి, "ఏదీ నా ఒటీలియా?" అన్నాడు.

"ఒటీలియా సమాధుల తోటలో ఉంది అన్నయ్యా. ఇక్కడున్నది లియోబా" అన్నాను. తడిసిన పిల్ల తల చూశాడు, నా చేతిలో చెంబు చూశాడు. అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాడు. "మీ వదిన ఆ పేరు అడిగిన రోజు నేను కొట్టంలో లేను వ్రోనీ. గుమ్మం బయటే ఉన్నాను. వినబడింది" అన్నాడు. ముసలివాడు ఏడుస్తుంటే నేను కోపం నిలుపుకోలేకపోయాను. పిల్లను తీసుకెళ్ళి ఒళ్ళో పెట్టాను.

పాదిరి కొత్తవాడు, కుర్రవాడు. నన్ను పిలిపించి, ఆపద లేకుండా అలా పోయడం పాపమని గట్టిగా చివాట్లు పెట్టాడు.

"పాపమే ఫాదర్. శిక్ష వేయండి, చేస్తాను. నీళ్ళు నుదుటి మీద పడ్డాయా, దుప్పటి మీద పడ్డాయా అని అడగరేం?"

"ఎక్కడ పడ్డాయి?" అన్నాడు విసుగ్గా.

"నుదుటి మీదే."

"అయితే ఇంకేం చేస్తాం" అన్నాడు.

లియోబా ఇప్పుడు బడికి పోతోంది. చెవులు పెద్దవి, గొంతు ఇంకా పెద్దది. మొన్న ఆత్మల పండుగకు తోటలో శిలువలన్నీ కూడబలుక్కుని చదువుతూ ఈ చివరి నుంచి ఆ చివరికి పోయి, ముఖం వేలాడేసుకుని నా దగ్గరకొచ్చింది. "అవ్వా, అందరి పేర్లూ ఉన్నాయి, నాదొక్కటే లేదు" అంది. దాన్ని ఎత్తుకుని వదిన శిలువ దగ్గరికి తీసుకెళ్ళి, అదే మాట ఆమెకు వినబడేలా ఇంకోసారి చెప్పించాను.